పొయ్యికి తూము ఎందుకు?

పెద్ద వంటశాలల్లో ఆవిరి ఓవెన్ మొరాయించినప్పుడు తప్పు చాలాసార్లు ఓవెన్‌లో ఉండదు, దాని కింద ఉంటుంది. నీరు, గాలి, వేడి, కొవ్వు ఒకే గొట్టంలో ఎలా పోతాయో తెలిస్తే సగం మరమ్మతు అయినట్టే.

ఇంట్లో కట్టెల పొయ్యికి మురుగు గొట్టం ఉండదు. గ్యాసు స్టవ్వుకూ ఉండదు. కేకులు చేసుకునే చిన్న ఓవెన్‌కూ ఉండదు. అదే ఏ ఆసుపత్రి వంటశాలకో, హాస్టల్ మెస్‌కో, ఫ్యాక్టరీ క్యాంటీన్‌కో వెళ్లి అక్కడి నిలువెత్తు స్టీలు ఓవెన్ వెనక్కి తొంగి చూడండి. కరెంటు తీగ, నీళ్ల కనెక్షన్‌తో పాటు లావుపాటి గొట్టం ఒకటి నేలవైపు దిగి ఉంటుంది. వేడి చేయడం కోసమే తయారైన యంత్రానికి తూముతో పనేమిటి?

సూరత్ లాంటి ఊళ్లో ఈ ప్రశ్న అడగడం న్యాయం. అక్కడి ఇష్టమైన పలహారాలు ఖమణ్, ఢోక్లా, లోచో మూడూ ఆవిరి మీద ఉడికేవే. నగరానికి దక్షిణాన పాండేసరా పారిశ్రామికవాడ, దాన్ని ఆనుకొని వడోద్. బట్టకు రంగులద్దే మిల్లుల చుట్టూ అల్లుకున్న ఈ ప్రాంతాల్లో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మికులుంటారు. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వెళ్లి లింబాయత్ వైపు స్థిరపడ్డ మన పద్మశాలీల ఇళ్లలో ఇడ్లీ పాత్ర పొయ్యెక్కని వారం ఉండదు. ఇంత జనానికి ఒకేసారి వండాల్సిన చోట ఇడ్లీ పాత్ర సరిపోదు. ఆవిరి పెట్టెలూ, కాంబీ ఓవెన్లూ వస్తాయి. వాటితో పాటే తూమూ వస్తుంది, తూముతో పాటే తంటాలూ వస్తాయి.

ఇడ్లీ పాత్ర మూత చెప్పే సంగతి

ఉడుకుతున్న ఇడ్లీ పాత్ర మూత తీయగానే లోపలి వైపు నుంచి నీళ్లు ధారగా కారతాయి. పాత్ర అడుగున మరిగిన నీరే ఆవిరై పైకి లేచి, చల్లటి మూతను తాకి మళ్లీ నీరైంది. పిండికి తగిలిన ఆవిరి కూడా అంతే. పిండి చల్లగా ఉన్నంతసేపూ దాని మీద నీరుగా మారుతూ తనలోని వేడిని దానికి ఇచ్చేస్తుంది. ఆవిరి వంట రహస్యం ఇదే. ఆవిరి నీరుగా మారితేనే పదార్థం ఉడుకుతుంది. ఇడ్లీ పాత్రలో ఆ నీరు తిరిగి అడుగుకే చేరి మళ్లీ మరుగుతుంది. పది ట్రేల ఓవెన్‌లో మాత్రం దాన్ని బయటికి పంపేయాలి.

కాంబీ ఓవెన్ అంటే వేడిగాలి, ఆవిరి రెండూ ఒకే పెట్టెలో పనిచేసే యంత్రం. 1976లో జర్మనీలోని లాండ్స్‌బర్గ్ పట్టణంలో రాషనల్ అనే సంస్థ దీన్ని మొదట తెచ్చింది. ఒకే పెట్టెలో ఇడ్లీ ఉడికించవచ్చు, కోడి కాల్చవచ్చు, చల్లారిన అన్నాన్ని మళ్లీ వేడి చేయవచ్చు. దాంతో ఒకే తూము గుండా మూడు రకాల వ్యర్థాలు దిగుతాయి: ఆవిరి కరిగిన నీరు, మాంసం నుంచి కారిన కొవ్వు, కడిగినప్పుడు వచ్చే సబ్బు నీరు.

▪ బాక్స్: ఆవిరి లెక్క

- ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే దాదాపు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మళ్లీ నీరైతే అంత చోటూ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది.
- 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి పట్టే వేడి కంటే, ఆ మరిగే నీటిని ఆవిరి చేయడానికి ఏడున్నర రెట్లకు పైగా ఎక్కువ వేడి కావాలి. ఆవిరి నీరైనప్పుడు అదంతా తిరిగి ఇచ్చేస్తుంది.
- 20 కిలోల పదార్థాన్ని 30 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు తేవాలంటే సుమారు 2 లీటర్ల నీటికి సరిపడే ఆవిరి కరగాలి. ఓవెన్ గోడల మీద కరిగేది దీనికి అదనం.

తూము గుండా గాలి కూడా నడవాలి

తూము అనగానే నీరు పోయే దారి అనుకుంటాం. ఆవిరి ఓవెన్‌లో అది గాలి దారి కూడా. ఓవెన్ గది ప్రెషర్ కుక్కర్ కాదు. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి దాదాపు సమానంగా ఉండాలి. ఆవిరి నిండుతున్నప్పుడు లోపలి పాత గాలి, మిగులు ఆవిరి బయటికి పోవాలి. చల్లటి ట్రేలు పెట్టగానే ఆవిరి ఒక్కసారిగా కరిగి లోపల ఒత్తిడి పడిపోతే, బయటి గాలి లోపలికి రావాలి. ఈ రాకపోకలన్నిటికీ దారి ఇచ్చే చోట్లలో తూము ముఖ్యమైనది.

నీళ్లు నిండిన సీసాను బోర్లిస్తే ధారగా పడకుండా గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. నీరు దిగిన చోటికి గాలి వెళ్లాలి, ఆ గాలికి ఉన్నదీ అదే మూతి. గాలి దారి మూసుకుపోయిన తూములోనూ ఇదే జరుగుతుంది. గొట్టం శుభ్రంగానే ఉన్నా నీరు దిగదు. గుడగుడ శబ్దం వినిపిస్తే నీటి దారి కంటే ముందు గాలి దారిని అనుమానించాలి.

తూము పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. గొట్టంలో 5 సెంటీమీటర్ల ఎత్తు నీరు అడ్డంగా నిలిచిందనుకుందాం. దాన్ని తోసుకొని పోవడానికి ఆవిరి తెచ్చుకోవాల్సిన అదనపు ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం మాత్రమే. కానీ ఆ అర శాతమే అర చదరపు మీటరు వైశాల్యమున్న తలుపును లోపలి నుంచి 25 కిలోల బరువుతో సమానంగా తోస్తుంది. తలుపు అంచు రబ్బరు పక్కనుంచి ఆవిరి బుసకొట్టడం, ముందు వైపు నీటి చుక్కలు కారడం అందుకే. చాలామంది వెంటనే రబ్బరు గ్యాస్కెట్ మార్చేస్తారు. కొత్త రబ్బరు కూడా వారంలోపే కారడం మొదలుపెడుతుంది, ఎందుకంటే రోగం కింద ఉంది. పైగా అలా ఒత్తిడి మీద ఉన్న తలుపును తెరిస్తే ఆవిరి నేరుగా వంటవారి ముఖాన్నే తాకుతుంది.

చల్లార్చే జల్లు

ఓవెన్ నుంచి దిగేది మరిగే నీరు, ఆవిరి. దాన్ని అలాగే భవనం మురుగు గొట్టంలోకి వదలకూడదు. మామూలు పీవీసీ గొట్టానికి 60 డిగ్రీల వరకే భద్రం, 80 దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. వేడి నీటి కోసం తయారయ్యే సీపీవీసీ 90 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. అందుకే తూము మొదట్లో ఒక చిన్న అరలో చల్లటి నీటిని జల్లే ఏర్పాటు ఉంటుంది. అక్కడి ఉష్ణోగ్రతను ఒక సెన్సర్ చూస్తుంటుంది. హద్దు దాటగానే కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ వాల్వ్ తెరుచుకొని చన్నీళ్లు పడతాయి. ఆవిరి కరుగుతుంది, నీరు చల్లారుతుంది, అప్పుడే కిందికి పోతుంది.

ఈ జల్లు ఎంత పని చేయాలో చూడండి. ఒక లీటరు మరిగే నీటిని 60 డిగ్రీలకు దించడానికి 30 డిగ్రీల చన్నీళ్లు లీటరున్నర లోపే సరిపోతాయి. అదే ఒక కిలో ఆవిరిని కరిగించి 60 డిగ్రీల నీరుగా మార్చాలంటే దాదాపు 19 లీటర్లు కావాలి. మే నెలలో మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు 40 డిగ్రీలకు చేరితే ఆ 19 లీటర్లు 29 అవుతాయి. మన ఊళ్లలోనూ, సూరత్‌లోనూ ఓవెన్ తూము ఫిర్యాదులను ఎండాకాలంలో కాస్త ఎక్కువ శ్రద్ధగా చూడాల్సిన కారణం ఇదే. యంత్రం మారలేదు, చన్నీళ్లు చన్నీళ్లుగా లేవు. ట్యాంకుకు నీడ వేయడం, ఓవెన్‌కు వచ్చే గొట్టాన్ని ఎండ తగలకుండా మళ్లించడం కూడా ఇక్కడ మరమ్మతులే.

ఒక తప్పు ఇంకో తప్పును కంటుంది

తూము తప్పులు ఒంటరిగా రావు, గొలుసుగా వస్తాయి. ఆ గొలుసు ఇలా సాగుతుంది.

బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మేలని, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. ఆ పై హద్దు దగ్గరున్న నీరు మనిషికి ఫరవాలేదేమో గానీ యంత్రానికి శత్రువే. వేడి తగలగానే సున్నం విడిపోయి తెల్లటి పొరగా పేరుకుంటుంది. సోలనాయిడ్ వాల్వ్ ముందుండే సన్నటి జాలీలోనూ, జల్లు కొట్టే చిన్న రంధ్రంలోనూ అది ముందుగా చేరుతుంది. జల్లు సన్నబడుతుంది. దాంతో నీరు వేడిగానే దిగుతుంది. పీవీసీ గొట్టం మెత్తబడి రెండు బిగింపుల మధ్య కొద్దిగా కిందికి కుంగుతుంది. కుంగిన చోట నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిలో కొవ్వు తేలి గొట్టానికి అంటుకుంటుంది. కొన్ని నెలలకు తూము మూసుకుపోతుంది.

అప్పుడు వచ్చిన ప్లంబరు కొవ్వు తీసేసి వెళ్తే తూము మళ్లీ నడుస్తుంది, కొన్నాళ్లే. కుంగిన గొట్టం అలాగే ఉంది. గొట్టం కూడా మార్చి వెళ్తే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. సున్నం పట్టిన రంధ్రం అలాగే ఉంది. గొలుసులో మొదటి లంకె దాకా వెనక్కి నడిచినవాడే రోగం కుదిర్చినవాడు.

కొవ్వుకు సున్నం తోడైతే

వనస్పతి కరిగే ఉష్ణోగ్రత 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉంటుంది. ఓవెన్‌లో నూనెలా పారిన కొవ్వు చల్లటి గొట్టంలో గడ్డకట్టడం సహజం. కానీ వేరుశనగ నూనె, పత్తిగింజల నూనె చలికాలపు మామూలు ఉష్ణోగ్రతల్లోనూ ద్రవంగానే ఉంటాయి. మరి అవి వాడే వంటశాలల తూములూ ఎందుకు మూసుకుపోతాయి?

దీనికి జవాబు రసాయన శాస్త్రంలో ఉంది. వేడి, నీరు తగిలిన నూనె కొంత విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. ఆ ఆమ్లాలు నీటిలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని గట్టి సబ్బు అవుతాయి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మురుగు గొట్టాల్లో పేరుకున్న గడ్డలను పరీక్షించి, అవి ఉత్త కొవ్వు కాదనీ, కాల్షియం సబ్బులనీ తేల్చారు. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద బయటపడ్డ గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది.

అలా మూసుకుపోయిన గొట్టాన్ని అడ్డంగా కోసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. పైభాగాన పలుచటి జిడ్డు పొర ఉంటుంది. అడుగున పసుపు కలిసిన బూడిద రంగు ముద్ద మందంగా ఉంటుంది. వేలితో నొక్కితే వెన్నలా జారదు, పొడిపొడిగా రాలుతుంది. మధ్యలో ఇరుక్కున్న అన్నం మెతుకు, మాంసపు నార కనిపిస్తాయి. నీళ్లకు మిగిలిన సందు పెన్సిల్ మందం కంటే ఎక్కువ ఉండదు. ఇడ్లీ పిండి, శనగపిండి చుక్కలు కూడా తక్కువవేం కావు. ఉడికిన పిండి చల్లారితే జిగురవుతుంది, ఆ జిగురు కొవ్వును పట్టి ఉంచుతుంది.

ఎక్కడ వెతకాలి: ఒక ఊహా ఉదాహరణ

వడోద్ దగ్గర ఒక క్యాంటీన్ అనుకుందాం. నడిపేదీ తెలంగాణవాడే, ఓవెన్ బాగుచేసేదీ తెలంగాణవాడే. ఫోను మోగుతుంది.

“అన్నా, రాత్రి దాక మంచిగనే నడిచింది. పొద్దుగాల ఇడ్లీ పెట్టినం, రెండో వాయికి అడుగున నీళ్లు నిలిచినయి. లోపలేదో కాలిపోయిందంటవా?”

“అది తర్వాత చూద్దాం తమ్మీ. ముందుగాల స్విచ్చు బంద్ చెయ్యి, సల్లారనియ్యి. ఆ నిలిచిన నీళ్లకు వాసన వస్తుందా? నురుగుందా?”

“నురుగు లేదు, వాసన లేదు. మామూలు నీళ్లే.”

“అట్లయితే అవి నీ ఓవెన్ నీళ్లే. కింది నుంచి ఎక్కలేదు. జాలీ తీసి కడుగు. ఇంగ ఒక లీటరు సల్లని నీళ్లు తూముల పొయ్యి. ఎయిర్ గ్యాప్ కాడ ఇంకొకర్ని నిలబెట్టు, నీళ్లు అక్కడికి వస్తున్నయా లేదా చూడమను.”

ఈ నాలుగు మాటల్లో తప్పు వెతికే పద్ధతి మొత్తం ఉంది. బాగుచేసేవాడు మొదట నిలిచిన నీరు ఎక్కడిదో తేల్చాడు. సబ్బు నురుగో, మురుగు వాసనో ఉంటే నీరు బయటి నుంచి ఎక్కింది. శుభ్రంగా ఉంటే లోపలి నీరే దిగడం లేదు. తర్వాత దారిని సరిగ్గా మధ్యకు చీల్చాడు. ఆ మధ్య బిందువే ఎయిర్ గ్యాప్. ఓవెన్ గొట్టం చివరకూ, కింద దాన్ని అందుకునే గరాటుకూ మధ్య ఉద్దేశపూర్వకంగా వదిలే ఖాళీ అది. గొట్టం వ్యాసానికి రెట్టింపు ఎడం ఉండాలనేది ప్లంబింగ్‌లో వాడుకలో ఉన్న నియమం. పోసిన నీళ్లు అక్కడికి ధారగా వస్తే పైభాగం బాగుంది, తప్పు కింద ఉంది. రాకపోతే ఓవెన్‌కూ ఈ ఖాళీకీ మధ్యనే వెతకాలి. ఒక లీటరు నీళ్లు, ఇద్దరు మనుషులు ఉంటే యంత్రం విప్పకుండానే సగం అనుమానాలు తీరిపోతాయి.

తరువాతి వంతు వాటానిది. నీరు తనంత తాను జారిపోవాలంటే గొట్టానికి మీటరుకు కనీసం 2 సెంటీమీటర్ల వాటం ఉండాలి. కొందరు తయారీదారులు 5 సెంటీమీటర్ల దాకా అడుగుతారు. మేస్త్రీలు వాడే పారదర్శక లెవెల్ పైపుతో దీన్ని ఎవరైనా చూడవచ్చు. మూడు మీటర్ల గొట్టం రెండు చివరల మధ్య కనీసం 6 సెంటీమీటర్ల తేడా కనిపించాలి. మధ్యలో ఎక్కడా కుంగకూడదు కూడా.

▪ బాక్స్: లక్షణాన్ని బట్టి అనుమానం

- ఆవిరి వంటలోనే నీళ్లు నిలిస్తే: లోపలి జాలీ, ఓవెన్ కింది వంపు గొట్టం చూడాలి.
- కడిగే కార్యక్రమం మధ్యలో ఆగిపోతే: కొన్ని ఓవెన్లలో కడిగేటప్పుడు తూమును మూసే వాల్వ్ ఉంటుంది. దానిలో ఎముక ముక్కో, మెతుకో ఇరుక్కుంటే మూసుకోదు. నీరు నిలవక కారిపోతుంది.
- పక్కన సింకు ఖాళీ చేసినప్పుడే నీరు పైకి వస్తే: రెండింటినీ కలిపే గొట్టం మూసుకుపోయింది, లేదా ఎయిర్ గ్యాప్ లేకుండా బిగించారు.
- సెలవుల తర్వాత మురుగు వాసన వస్తే: ట్రాప్‌లో, అంటే మురుగు గాలిని ఆపే వంపు గొట్టంలో, ఉండాల్సిన నీరు ఎండిపోయింది. కొద్దిగా నీళ్లు పోస్తే చాలు.
- గుడగుడ శబ్దం వస్తే: గాలి దారి లేదు. వెంట్ గొట్టం చూడాలి.
- నేల జాలీ నుంచి ఆవిరి లేస్తే: చల్లార్చే జల్లు పనిచేయడం లేదు.
- ఓవెన్ ఆపినా తూములో నీరు పడుతూనే ఉంటే: సోలనాయిడ్ వాల్వ్ మూసుకోవడం లేదు.

ఈ పనులు చేయకండి

మూసుకుపోయిన తూములో మరిగే నీళ్లు పోయడం అందరికీ తోచే చిట్కా. కొవ్వు కరిగి కదులుతుంది, నిజమే. కొన్ని మీటర్లు పోయి మళ్లీ చల్లారి, ఈసారి చెయ్యి అందని చోట గడ్డకడుతుంది. వేడి నీరు పీవీసీని మరింత కుంగదీస్తుంది కూడా.

రెండోది, రసాయనాలు కలపడం. ఓవెన్ కడిగే మందులు చాలావరకు గాఢమైన క్షారాలు. సున్నం తీసే మందులు ఆమ్లాలు. రెండూ ఒకే గొట్టంలో కలిస్తే విపరీతమైన వేడి పుట్టి ముఖం మీదికి చిమ్ముతుంది. ఆమ్లానికి బ్లీచింగ్ తోడైతే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన వంటగదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు వాడిన మందు ఏదో తెలుసుకొని, నీళ్లతో బాగా కడిగాకే రెండోదాన్ని ముట్టాలి.

మూడోది, ఎయిర్ గ్యాప్‌ను మూసేయడం. నీళ్లు చిందుతున్నాయనో, చూడ్డానికి బాగోలేదనో గొట్టాన్ని నేరుగా మురుగులోకి దూర్చి సిమెంటు పూస్తారు. పైన చెప్పుకున్నట్టు, ఆవిరి కరిగినప్పుడు ఓవెన్ లోపల ఒత్తిడి పడిపోతుంది. ట్రాప్‌లో సాధారణంగా నిలిచేది 5 సెంటీమీటర్ల నీరే, అది ఆ పీల్పుకు ఆగదు. ఎయిర్ గ్యాప్ ఉంటే ఓవెన్ వంటగది గాలిని పీలుస్తుంది. లేకపోతే మురుగు గాలిని పీలుస్తుంది. అదే పెట్టెలో మన భోజనం ఉంది.

వానాకాలంలో తూము వెనక్కి నడిస్తే

సూరత్ తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్న ఊరు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో నగరంలో అధిక భాగం మునిగింది. ఇలాంటి చదును నేల మీద మురుగు గొట్టాలకు వాటం తెచ్చుకోవడమే కష్టం. భారీ వాన పడి మురుగు కాలువలు నిండితే నీరు వెనక్కి తంతుంది. భవనంలో అన్నిటికంటే కింద ఉన్న రంధ్రం నుంచే అది ముందుగా బయటపడుతుంది. ఎయిర్ గ్యాప్ ఉన్న వంటశాలలో ఆ రంధ్రం నేల మీది జాలీ. నేల తడుస్తుంది, ఓవెన్ బతుకుతుంది. గ్యాప్ మూసిన చోట మురుగు ఓవెన్ అడుగు దాకా ఎక్కగలదు. అలా ఎక్కితే నీళ్లతో కడిగేసి వంట మొదలుపెట్టకూడదు. గదినీ, ట్రేలనీ, తూమునూ శుభ్రం చేసి, క్రిమిసంహారం చేశాకే వాడాలి. లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా వంటశాలల తడి తూముల్లో తిష్ఠ వేయగలదు.

తూము నిర్లక్ష్యానికి ఊరంతా ఎంత మూల్యం చెల్లిస్తుందో సూరత్‌కు తెలిసినంతగా దేశంలో ఇంకో నగరానికి తెలియదు. 1994లో వరదలు, కుళ్లిన చెత్త, పూడిన కాలువల తర్వాత సెప్టెంబరులో ప్లేగు భయం ఆ ఊరిని ఖాళీ చేయించింది. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త తొలగింపునూ, పారిశుధ్యాన్నీ రోజువారీ బాధ్యతగా మార్చారు. మురికి ఊరని పేరుపడిన సూరత్ కొద్దికాలంలోనే శుభ్రమైన నగరాల వరుసలో చేరింది. ఎవరి గొట్టానికి ఎవరు బాధ్యులో ముందే తేలితే మార్పు ఎంత వేగంగా వస్తుందో ఆ అనుభవం చూపింది.

కొనే రోజునే అడగాల్సినవి

వంటశాలల్లో ఈ బాధ్యత సరిగ్గా ఇక్కడే జారిపోతుంది. ఓవెన్ అమ్మినవారు తూము తమది కాదంటారు, ప్లంబరు ఓవెన్ సంగతి తనకు తెలియదంటాడు, భవనం యజమాని గోడ బయటి గొట్టం గురించే మాట్లాడతాడు. మధ్యలో ఉన్న ఒకటిన్నర మీటరు గొట్టం ఎవరిదీ కాకుండా పోతుంది. చాలా తప్పులు పుట్టేది ఆ ఒకటిన్నర మీటరులోనే.

అందుకే ఆసుపత్రికో, హాస్టల్‌కో, మిల్లు క్యాంటీన్‌కో ఓవెన్ కొనేవారు బిల్లు కట్టకముందే నాలుగు సంగతులు రాతపూర్వకంగా తీసుకోవాలి: గొట్టం ఏ పదార్థంతో వేస్తారు, ఎంత వాటం ఇస్తారు, ఎయిర్ గ్యాప్ ఎక్కడ ఉంటుంది, నీటి కాఠిన్యం ఎవరు పరీక్షించి ఎవరు తగ్గిస్తారు. ఆ తర్వాత రోజూ వంట ముగిశాక జాలీ తీసి కడగడం, వారానికోసారి లీటరు నీటి పరీక్ష, ఆరు నెలలకోసారి చల్లార్చే జల్లు రంధ్రం విప్పి సున్నం తీయించడం ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి. వీటికయ్యే ఖర్చు ఒక్క పూట వంట ఆగితే వచ్చే నష్టంతో పోలిస్తే చాలా తక్కువ. వంద మందికి వండే చోట ఆ పూట ఆగేది యంత్రం ఒక్కటే కాదు, షిఫ్టు దిగి వచ్చిన వంద మంది భోజనం.